పీపాలకు చెప్పిన మాట

ఇటలీలో, మా మొన్‌ఫెర్రాతో అనే సీమ కొండల్లో ఎవరైనా పోతే ముందు ఫాదర్‌గారికి చెబుతారు, ఆ తర్వాత పీపాలకు చెబుతారు. ఫాదర్‌గారికి కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, ఆయన ఏమీ అనుకోడు. పీపాలు అనుకుంటాయి. యజమాని కన్నుమూసిన సంగతి వాటికి చెప్పకపోతే లోపలి వైన్ కూడా ఆయన వెంటే బయల్దేరుతుంది. ముందు తెల్లటి పొర కడుతుంది, తర్వాత పులిసిపోతుంది. చెప్పడానికొక పద్ధతుంది. బిరడాలు బిగించే కొయ్య సుత్తితో పీపా పొట్టమీద మూడుసార్లు కొట్టాలి. ఎడమచెయ్యి కొయ్యకు ఆనించి "మీ యజమాని పోయాడు, ఇకమీదట మీ యజమాని ఫలానా" అనాలి. ఏడుస్తూ మాత్రం చెప్పకూడదు. చదువుకున్నవాళ్లు ఇది విని నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ల ఇళ్లకు వైన్ సీసాల్లో వస్తుంది, వాళ్లకేం తెలుసు?

మొంచెస్తా ఊళ్లో దెల్ఫీనా ఆ మాట చెప్పనంటే చెప్పనని రెండేళ్లు మొండికేసింది. ఆమె భర్త ఎవాసియో పంతొమ్మిది వందల నలభై రెండులో సైన్యంతోపాటు రష్యా వెళ్లాడు. మరుసటి జనవరిలో డాన్ నది దగ్గర, మంచులో, ఆ సైన్యం చెల్లాచెదురైంది. కొన్నాళ్లకు ఒక కాగితం వచ్చింది. దాంట్లో ఆచూకీ తెలియలేదని ఉంది తప్ప చనిపోయాడని లేదు. ఆ రెండు మాటల మధ్యనున్న సందులోనే దెల్ఫీనా కాపురం చేస్తూ వచ్చింది. పిల్లల్లేరు. ఇంట్లో తనూ, అత్తగారు తెర్సిల్లా, కొండవాలున పద్నాలుగు వరసల ద్రాక్షతోట, నేలమాళిగలో మూడు పీపాల బార్బెరా, అంటే మా పుల్లటి ఎర్ర వైన్.

నలభై అయిదు ఫిబ్రవరిలో మూడు పీపాల్లోనూ వైన్ మీద పొర కట్టింది. దెల్ఫీనా పొర తీసేసింది, పీపాలు అంచుదాకా నింపింది, గంధకం పొగ పెట్టింది. తెల్లారేసరికి పొర మళ్లీ ఉంది.

"చెప్పెయ్యవే తల్లీ," అంది తెర్సిల్లా. "వాడు నా కడుపున పుట్టినవాడు, నాకు మాత్రం నోరొస్తుందా? కానీ చూస్తున్నావుగా, వైన్ వాడి వెంట పోతోంది."

"పీపా చెక్కల సందుల్లోంచి గాలి దూరుతోంది, అంతే అత్తయ్యా. మీ అబ్బాయి బతికే ఉన్నాడు."

"వాడు బతికుంటే ఇదెందుకు చస్తోందే?"

దెల్ఫీనా కూడా ఆ కొండల్లో పుట్టిన పిల్లే. కాగితాన్ని నమ్మకుండా ఉండగలదు గానీ వైన్‌ని నమ్మకుండా ఎలా ఉంటుంది?

మార్చి పంతొమ్మిదిన, పునీత జోజప్ప పండుగ రోజు, చర్చిలో మధ్యాహ్నం గంట కొట్టకముందే సుత్తి తీసుకుని కిందికి దిగింది. మూడు పీపాలకూ చెప్పింది. "మీ యజమాని పోయాడు. ఇకమీదట మీ యజమాని దెల్ఫీనా." కంట చుక్క రానివ్వలేదు. పైకొచ్చాక ఉల్లిపాయలు ముందేసుకుని తరిగింది, ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

తొమ్మిది రోజుల్లో వైన్ తేరుకుంది. పొర మాయమై, వెలుగుకు పట్టి చూస్తే ఎర్రగా నిగనిగలాడింది. ఊరంతా ఒక్కో గ్లాసు రుచి చూసి తల ఊపారు. అంటే ఎవాసియో పోయినట్టే. దెల్ఫీనా నల్లబట్టలు కట్టింది, చర్చిలో అతని పేర పూజ చెప్పించింది. కాగితం చంపలేని మనిషిని వైన్ చంపేసింది.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, నలభై ఆరు నవంబరులో, పొద్దున పదింటికి, పొగమంచులోంచి గట్టు దారివెంట ఎవాసియో నడుచుకుంటూ వచ్చాడు. గుండు, ఎవరిదో కోటు, కాళ్లకు గోనెగుడ్డలు. వాకిట్లో చెస్ట్‌నట్లు ఏరుతున్న దెల్ఫీనా ముందు నిలబడి, "ఎవరు పోయారు?" అని అడిగాడు, ఆమె నల్లబట్టలు చూసి.

ఒళ్లోని చెస్ట్‌నట్లన్నీ నేలపాలయ్యాయి. ఆమె లేచి అతణ్ణి కావిలించుకుంది, కొట్టింది, మళ్లీ కావిలించుకుంది. ఆ క్షణాన ఆమెకున్నంత సంతోషం ఈ కొండల్లో ఇంకెవరికీ ఉండి ఉండదు. అతని మెడ ఎంత చల్లగా ఉందో తెలిసింది గానీ, నవంబరు కదా, నడిచొచ్చాడు కదా అనుకుంది.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా వంటింట్లో చేరింది. పీపాలు కట్టే ముసలి చెలెస్తీనో గుమ్మంలోంచే అరిచాడు. "ఒరే ఎవాసియో, నీ పేర పూజకి రెండు కొవ్వొత్తులు వెలిగించానురా! పెద్దవి! అవి నాకు తిరిగియ్యాల్సిందే!"

"నువ్వు పోయినప్పుడు నాలుగు వెలిగిస్తాలే బాబాయ్," అన్నాడు ఎవాసియో. అందరూ నవ్వారు.

దెల్ఫీనా అతనికిష్టమైన వంట చేసింది. మాంసం కూరిన చిన్న కజ్జికాయల్లాంటి అన్యొలోత్తీ చారులో వేసి, ఆ వేడిచారులో అరగ్లాసు బార్బెరా వంపింది. మా మగాళ్లకు అలా తాగకపోతే చారు తాగినట్టుండదు. ఎవాసియో గిన్నె ఎత్తి ఒక్క గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. గిన్నె దించేశాడు.

"పులిసిపోయిందే. ఉత్త వెనిగర్."

"బార్బెరా పుల్లగా ఉండక తేనెలా ఉంటుందా?" అన్నాడు చెలెస్తీనో. కూజా ఎత్తి తన గ్లాసులో పోసుకుని చప్పరించాడు. "ఎంత బావుందిరా! ఆ రష్యావాళ్లు నీ నాలికెక్కడ పాతిపెట్టారు?"

అదే కూజా, అందరూ తాగారు, అందరికీ బావుంది. ఎవాసియో ఇంకో గ్లాసులో కొంచెం పోసుకుని వాసన చూసి పక్కన పెట్టేశాడు. "నాలుగేళ్లయింది, అలవాటు తప్పింది," అని చెప్పి, బకెట్‌లోంచి రాగి గరిటెతో నీళ్లు తీసుకుని తాగాడు.

మర్నాడు పీపాలు చూసొస్తానని నేలమాళిగలోకి దిగాడు. ఒక్కో పీపా తడిమాడు, పలకరించాడు, పైకొచ్చాడు. ఆ మరుసటిరోజు మూడింటిమీదా పొర. దెల్ఫీనా దాన్ని తీసి పారబోసి ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత మళ్లీ దిగాడు, మళ్లీ పొర. ఈసారి తెర్సిల్లా చూసింది. ఆ రోజునుంచి నేలమాళిగ తాళంచెవి ముసలమ్మ నడుమున చేరింది. కొడుకుతో మాత్రం, "మెట్లు జారుతున్నాయి నాయనా, కాలు విరుగుతుంది, ఎందుకు దిగడం?" అంది.

ఆమె ఇంకొకటి కూడా చేసింది. బల్ల దగ్గర కొడుకు పక్కన వేసుకునే తన కుర్చీని కొంచెం కొంచెంగా ఇవతలికి జరుపుకుంది. డిసెంబరు వచ్చేసరికి బల్లకు ఈ చివర ఆమె, ఆ చివర అతను. ఒకరోజు అతను కట్టెలకు వెళ్లినప్పుడు కోడలి చెవిలో అంది.

"వాడు నా కొడుకేనంటావా?"

"అత్తయ్యా, ఏం మాటలవి!"

"వీపుమీద మచ్చుంది, చూశాను. మచ్చ నా కొడుకుదే. గొంతూ వాడిదే. మరి ఆ చేతులేంటే? నాలుగుసార్లు పట్టుకు చూశాను. పొయ్యి ముందు కూర్చున్నా వేడెక్కవు."

దెల్ఫీనాకు ఒళ్లు మండింది. మండటానికి కారణం అది అబద్ధమని కాదు. పక్కలో వెచ్చదనానికి పెట్టిన కాల్చిన ఇటుక, అతని పాదాలు తగలగానే ఏట్లో రాయిలా చల్లబడిపోవడం ఆమెకు రోజూ తెలుస్తూనే ఉంది. ఇతను ఎవాసియోనే. అందులో ఆమెకు రవ్వంత అనుమానం లేదు. అతను నవ్వే తీరు, రొట్టె తుంపే తీరు, తిట్లు, అన్నీ అవే. అయితే ఆ రోజు పీపాలతో తను చెప్పిన మాటేమిటో కూడా ఆమెకు తెలుసు.

తప్పు దిద్దుకుందామనుకుంది. ఆదివారం, అందరూ పూజకు పోయినప్పుడు, తలనొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోయి, ముసలమ్మ కుట్టుపెట్టెలోని రెండో తాళంచెవితో కిందికి దిగింది. మొదటి పీపాను మూడుసార్లు కొట్టింది. "మీ యజమాని తిరిగొచ్చాడు. ఎవాసియో బతికే ఉన్నాడు."

నిండు పీపాను కొడితే బరువైన చప్పుడు రావాలి. ఖాళీ పీపాలా ఖణేలుమని మోగింది. బిరడా తీసి చూస్తే వైన్ అంచుదాకా ఉంది. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే మోత. మిగతా రెండు పీపాలు కూడా అంతే. తను చెప్పిన మాటను లోపలికి తీసుకోకుండా వెనక్కి విసిరేసినట్టు అనిపించింది.

సోమవారం చెలెస్తీనో కొట్టుకు వెళ్లింది. ముసలాయన చెక్కలు నిప్పుమీద వంచుతున్నాడు.

"బాబాయ్, పోయాడని చెప్పిన మనిషి తిరిగొస్తే పీపాలకేం చెప్పాలి?"

"చెప్పడానికేం లేదమ్మా. మా తాత దగ్గర్నుంచి నేను విన్నది ఒక్కటే మాట. యజమాని పోయాడు, కొత్తవాడు ఫలానా. తిరిగొచ్చాడనే మాట పీపాలకు తెలీదు. ఇంతవరకు ఎవడు తిరిగొచ్చాడు గనక?"

"మరి యజమాని మారాలంటే?"

"ఉన్న యజమాని పోవాలి. వేరే దారేముంది?" అని నిప్పుమీద నీళ్లు చిలకరిస్తూ, "అవునూ, కొత్త యజమాని ఎవరని చెప్పావప్పుడు?" అన్నాడు.

"నా పేరే చెప్పాను."

చెలెస్తీనో చెయ్యి ఆగిపోయింది. చెక్క ఒక అంచున మాడి వాసనొచ్చేదాకా అతను దాన్ని కదపలేదు. "నేనేమీ చెప్పలేదు, నువ్వేమీ వినలేదు," అన్నాడు చివరికి. "ఇంటికెళ్లు. వైన్‌దేముంది, పోతే పోతుంది."

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింట్లో కూర్చుని, తీగలు కట్టడానికి విల్లో కొమ్మలు చీల్చుతున్నారు. అప్పటిదాకా రష్యా సంగతి ఎత్తని ఎవాసియో, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"ఖైదీల క్యాంపులో జ్వరాల పాక ఒకటుండేది. పోయినవాళ్లని బయట మంచులో వరసగా పేర్చేవాళ్లు. ఒకసారి నన్ను కూడా పేర్చారు."

"బతికుండగానే?"

"వాళ్ల తప్పు కాదులే. నేనే పోయాననుకున్నాను. ఆకాశం చూస్తూ పడున్నాను. హాయిగా ఉంది, నిజం చెప్పొద్దూ. అప్పుడు మూడు చప్పుళ్లు వినిపించాయి. కొయ్యమీద కొయ్య. తలుపు కొడుతున్నారనుకున్నా. తర్వాత ఆడగొంతు, మన యాసే. మాటలు సరిగ్గా అందలేదు. చివర నీ పేరు మాత్రం వినిపించింది. నువ్వే పిలుస్తున్నావనుకుని లేచి కూర్చున్నాను. కాపలావాడు హడలిపోయాడు." నవ్వాడు. "అలా బతికాను. కానీ అప్పట్నుంచి నోటికేదీ రుచి లేదు దెల్ఫీనా. ఒంటికి వెచ్చదనం లేదు."

"అదెప్పుడు?"

"నలభై అయిదు మార్చిలో. మంచింకా కరగలేదు. ఫాదరొకాయన ఉండేవాడు మాతో, ఆయన ఆ రోజు జోజప్ప పండుగని చెప్పాడు."

దెల్ఫీనా చేతిలో కొమ్మ విరిగింది. ఇక దాచలేకపోయింది. పొర కట్టిన సంగతి, అత్తగారి మాట, సుత్తి, మూడు పీపాలు, తన పేరు, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అతని మొహం చూడలేదు.

"ఏడ్చావా?" అని అడిగాడతను.

"లేదు. ఏడవకూడదు కదా."

"మంచి పని చేశావు. వైన్ దక్కింది." ఆమె చేతిలోని విరిగిన కొమ్మ తీసుకుని మంచిది అందించాడు. "నాకేం ఫరవాలేదు. నీళ్లున్నాయిగా. నీళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు."

తిట్టినా బావుండేది. కొట్టినా బావుండేది. పుండుమీద కారం చల్లితే మంటొక్కటే, ఆ నెమ్మదితనం మాత్రం ఆమెను లోపల్నుంచి కోసింది.

మార్చి మొదట్లో తోటలో తీగల కత్తిరింపులు పూర్తయ్యాయి. పైనున్న ఏడు వరసలు అతను కత్తిరించాడు, కిందున్న ఏడూ ఆమె. ఎండ కాస్త తగలగానే కత్తిరించిన కొసల్లోంచి నీరు చుక్కలు చుక్కలుగా కారుతుంది. తీగలు ఏడుస్తున్నాయంటాం మేము. అవి ఏడిస్తేనే ఆ ఏడు కాపుంటుంది. దెల్ఫీనా వరసల్లో ప్రతి కొసా కారింది. కింద మట్టి తడిసింది. ఎవాసియో వరసల్లో ఒక్క చుక్క లేదు. వేలితో తడిమితే ఎండు పుల్లని తడిమినట్టుంది. రెండు వారాలు చూశారు. ఏడో వరసకూ ఎనిమిదో వరసకూ మధ్య గీత గీసినట్టు, అటు తడి, ఇటు పొడి.

"తోట తెలిసి చెబుతోంది," అన్నాడు ఎవాసియో. "నేను వెళ్లిపోతా. టురిన్‌లో ఫ్యాక్టరీల్లో మనుషులు కావాలట. ఇనుము నేను ముట్టుకుంటే ఎండిపోదుగా."

"నేనూ వస్తా."

"నువ్వొస్తే వీటికెవరున్నారు? వీటి యజమానివి నువ్వు." వేళాకోళంగానే అన్నాడు. కానీ అతని పెట్టె అప్పటికే సర్దేసి మంచం కింద ఉంది. అది దెల్ఫీనా చూసింది. జోజప్ప పండుగ మర్నాడు పొద్దున బస్సు.

ఒకసారి పోగొట్టుకున్న మనిషిని రెండోసారి పోగొట్టుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు. మొదటిసారి చావును నిందించింది, యుద్ధాన్ని నిందించింది. ఈసారి నిందించడానికి తన నోరు తప్ప ఇంకేదీ లేదు.

పండుగనాడు తెర్సిల్లా చర్చికి వెళ్లింది. ఎవాసియో తోటను చివరిసారి చూసుకొస్తానని గట్టెక్కాడు. దెల్ఫీనా సుత్తి తీసుకుని మెట్లు దిగింది.

మొదటి పీపా. మూడు దెబ్బలు. ఎడమచెయ్యి కొయ్యమీద ఆనించింది. "మీ యజమానురాలు పోయింది. ఇకమీదట మీ యజమాని ఎవాసియో."

చప్పుడు బరువుగా, కిందికి, లోపలికి దిగిపోయింది. నిండు పీపా చప్పుడు.

రెండో పీపా. గొంతు వణకలేదు.

మూడో పీపాకు చెబుతుంటే మాత్రం తన పెళ్లి గుర్తొచ్చింది. ఈ పీపా బిరడానే ఆ రోజు తీశారు. కళ్లు నిండాయి, కానీ రెప్ప వెయ్యకుండా నిలబెట్టుకుని మాట పూర్తి చేసింది. కొయ్యకు ఆనించిన అరచెయ్యి వేళ్ల చివర్ల నుంచి మణికట్టుదాకా మెల్లిగా చల్లబడింది. సుత్తిని దాని చోట పెట్టి, మెట్లెక్కి, ఎండలో నిలబడింది. ఎండ బాగానే ఉంది. కళ్లకు తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు.

పావుగంటకు ఎవాసియో గట్టుమీద నుంచి పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ మోచేతులదాకా తడిసి ఉన్నాయి.

"ఏడుస్తున్నాయే! నా వరసలన్నీ ఏడుస్తున్నాయి! ఒకేసారి, నా కళ్లముందే!"

అప్పుడే చర్చినుంచి వచ్చిన తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పాడు. తెర్సిల్లా కొడుకు చేతులు తన బుగ్గలకేసి అదుముకుంది. "వేడిగా ఉన్నాయి," అంది. "నాయనా, వేడిగా ఉన్నాయిరా!" అని భోరుమంది. పెట్టెలోని బట్టలన్నీ తనే తీసి చిలక్కొయ్యలకు తగిలించింది. తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. అతనే నేలమాళిగలోకి దిగి, మూడో పీపాలోంచి కూజా నింపుకొచ్చాడు.

భోజనాల దగ్గర ఎవాసియో మొదటి గ్లాసు నెమ్మదిగా తాగాడు. గుక్క నోట్లోనే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదీ," అన్నాడు. "ఇదీ మన బార్బెరా." రెండో గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాడు. చారులో వంపుకున్నాడు, రొట్టె ముంచుకున్నాడు, చిన్నపిల్లాడిలా గడ్డంమీద ఒలకబోసుకున్నాడు. దెల్ఫీనా అతన్నే చూస్తూ కూర్చుంది. నాలుగేళ్లుగా ఆమె కోరుకున్నది ఇదొక్కటే. సంతోషంగానే ఉంది. అబద్ధం కాదు, నిజంగానే సంతోషంగా ఉంది.

"నువ్వూ తాగవే," అని ఆమె గ్లాసు నింపాడు.

ఆమె ఎత్తి తాగింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదనే అనుకుంది. మింగేసి, నవ్వి, "బావుంది," అంది.

ఎవాసియో నమలడం ఆపాడు. ఆమె మొహంకేసి చూశాడు, తర్వాత గ్లాసుకేసి. నవంబరులో ఇదే బల్ల దగ్గర తన మొహం ఎలా ముడుచుకుందో అతనికి తెలుసు. బల్లమీదుగా చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అది ఏట్లో రాయిలా చల్లగా ఉంది, అయినా పట్టుకున్నవాడు వదల్లేదు. పక్కనున్న తెర్సిల్లా ఇద్దరినీ చూసింది. ఆ జోడించి ఉన్న చేతుల్ని చూసింది. తర్వాత చప్పుడు కాకుండా తన కుర్చీని కోడలి పక్కనుంచి కొంచెం ఇవతలికి జరుపుకుంది.

ఎవాసియో లేచాడు. బకెట్ దగ్గరికి వెళ్లి, రాగి గరిటె నిండా నీళ్లు ముంచి, ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆమె నోటికి అందించాడు.

"నీళ్లు తాగు," అన్నాడు. "నీళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు."